ఎడిత్ నెస్బిట్ (1858–1924): ఒక బాల నవలాకారిణి జీవితం – చారిత్రక పఠనం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఎడిత్ నెస్బిట్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• 19వ శతాబ్దం చివరిలో ఇంగ్లండు మధ్యతరగతి కుటుంబాల ఆర్థిక అభద్రతకూ ఆమె నవలలకూ గల సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• కల్పనా సాహిత్యాన్ని చరిత్రకు ఆధారంగా వాడుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

1. ప్రవేశిక

చరిత్ర అనగానే రాజ్యాలు, యుద్ధాలు, ఒప్పందాలు, చట్టాలు మనకు ముందుగా గుర్తుకు వస్తాయి. పిల్లల కోసం రాసిన నవలకు చరిత్ర పాఠంలో చోటెందుకని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానంగా ఒక చిన్న విషయం ఆలోచించండి. 1905 ప్రాంతంలో లండన్‌లో సంపాదించే మనిషి దూరమైన ఒక మధ్యతరగతి ఇంట్లో రొట్టె మీద జామ్ రాసుకోవాలా, వెన్న రాసుకోవాలా అన్నది కూడా లెక్క చూసుకోవలసిన సంగతి అయింది. ఆ లెక్క పార్లమెంటు చర్చల్లో దొరకదు, జనాభా లెక్కల్లోనూ దొరకదు. అది ఒక పిల్లల నవలలో దొరుకుతుంది. ఆ నవల పేరు 'ది రైల్వే చిల్డ్రన్'. దాన్ని రాసినది ఎడిత్ నెస్బిట్.

నెస్బిట్ ఒక్కరే రాసినవి, ఇతరులతో కలిసి రాసినవి కలుపుకుంటే పిల్లల పుస్తకాలు 60కి పైగా ఉన్నాయి. కోరికలు తీర్చే ఇసుక దేవత, ఎగిరే తివాచీ, కాలంలో వెనక్కి తీసుకుపోయే తాయెత్తు, ఇలా ఆమె కథల్లో మాయలకు లోటు లేదు. అయినా ఏ పుస్తకం తెరిచినా అడుగున ఒక ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది: ఇంట్లో డబ్బు ఎవరు తెస్తారు? ఆ ప్రశ్న ఆమె జీవితాన్ని కూడా నడిపింది. ఈ భాగంలో మనం ఆమె జీవితాన్నీ నవలలనూ పక్కపక్కన పెట్టి చదువుతాం. ఆమె రాసినదాన్ని గమనించడంతోపాటు, రాయకుండా వదిలేసినదాన్ని కూడా గమనిస్తాం.

2. బాల్యం: తండ్రి లేని ఇల్లు

ఎడిత్ 1858 ఆగస్టు 15న లండన్ దక్షిణ భాగంలోని కెనింగ్టన్‌లో జన్మించింది. తండ్రి జాన్ కాలిస్ నెస్బిట్ వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త. ఆయన కెనింగ్టన్‌లోనే ఒక వ్యవసాయ కళాశాలను నడిపేవాడు. 1862లో ఆయన మరణించేనాటికి ఎడిత్‌కు ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

తరువాతి కాలంలో ఆ కుటుంబానికి స్థిరమైన చోటు లేకుండా పోయింది. అక్క మేరీకి క్షయ వ్యాధి. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. గాలి మార్పు ఒక్కటే వైద్యులు చెప్పే చికిత్స. అందుకోసం తల్లి పిల్లలను వెంటబెట్టుకుని ఇంగ్లండులో ఊరూరా, ఆపైన ఫ్రాన్సులో పలుచోట్ల తిరిగింది. ఎడిత్ కొంతకాలం బోర్డింగు స్కూళ్ళలో గడిపింది, అక్కడ సంతోషంగా ఉండలేకపోయింది. 1871లో మేరీ మరణించింది. ఆ తరువాత కుటుంబం కెంట్ కౌంటీలోని హాల్‌స్టెడ్ గ్రామంలో కొన్నేళ్ళు ఉంది. ఆ ఇంటికి సమీపంగా రైలు మార్గం ఉండేది. 'ది రైల్వే చిల్డ్రన్' నవలకు బీజం అక్కడే పడిందని చాలామంది భావిస్తారు.

ఈ బాల్యం గురించి మనకు ఎలా తెలుసు? 1896–97లో ఆమె ఒక బాలికల పత్రికలో తన చిన్ననాటి జ్ఞాపకాలను ధారావాహికగా రాసింది. బోర్డోలో భూగర్భ గదిలో ఉంచిన ఎండిన శవాలను చూసి చిన్నతనంలో ఎంత భయపడిందో అందులో చెప్పింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ జ్ఞాపకాలు రాసేనాటికి ఆమెకు నలభై ఏళ్ళు దగ్గరపడ్డాయి, రాతతో బతికే రచయిత్రిగా కూడా స్థిరపడింది. పాఠకులకు నచ్చేలా చెప్పడం ఆమె వృత్తి. కాబట్టి స్వీయ జ్ఞాపకాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అనే రెండు ప్రశ్నలు తప్పక వేసుకోవాలి.

3. వివాహం, కలం సంపాదన

1877లో ఎడిత్‌కు హ్యూబర్ట్ బ్లాండ్ అనే బ్యాంకు గుమాస్తా పరిచయమయ్యాడు. 1880 ఏప్రిల్ 22న వారు రిజిస్ట్రారు ఎదుట వివాహం చేసుకున్నారు. అప్పటికి ఆమె ఏడు నెలల గర్భిణి. జూన్‌లో పెద్ద కొడుకు పాల్ పుట్టాడు. విక్టోరియా కాలపు మధ్యతరగతిలో ఇది నలుగురి నోళ్ళలో నానే విషయమని వేరే చెప్పనక్కరలేదు.

బ్లాండ్ బ్రష్షుల తయారీ వ్యాపారంలో డబ్బు పెట్టాడు. అంతలో ఆయనకు మశూచి సోకింది. ఆయన మంచాన ఉండగా భాగస్వామి వ్యాపారపు డబ్బుతో ఉడాయించాడు. ఇల్లు గడవవలసిన భారం ఎడిత్ మీద పడింది. ఆమె పత్రికలకు కథలు, కవితలు పంపింది. శుభాకాంక్షల కార్డులకు రంగులు వేసింది, వాటి మీద ముద్రించే పద్యాలు రాసింది. అడిగినది అడిగినట్టు, చెప్పిన గడువుకు రాసిచ్చి వచ్చినంత పుచ్చుకోవడం ఆమెకు అలవాటైంది. ఆమె మనసంతా కవిత్వం మీదే. 1886లో తొలి కవితా సంపుటి వెలువడింది. జీవితాంతం తనను తాను ముందుగా కవయిత్రిగానే భావించుకుంది. కానీ ఇల్లు నిలబెట్టినది వచన రచన.

ఈ సందర్భంలో మీరు ఒక చట్టాన్ని గుర్తుంచుకోవాలి. అంతకుముందు ఇంగ్లండులో వివాహిత సంపాదించిన డబ్బు చట్టరీత్యా భర్తదే. 1870 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, భార్య తన శ్రమతో సంపాదించినది ఆమెకే చెందుతుందని గుర్తించింది. 1882 చట్టం ఆస్తి హక్కును మరింత విస్తరించింది. అంటే నెస్బిట్ తరం రచయిత్రులు తమ కలం సంపాదనను చట్టపరంగా తమదని చెప్పుకోగలిగిన తొలి వివాహిత స్త్రీలలో ఉన్నారు. అయినా పుస్తకాల మీద ఆమె పేరు 'ఇ. నెస్బిట్' అని మాత్రమే ఉండేది. ఆ పొడి అక్షరం వెనక ఉన్నది స్త్రీయో పురుషుడో పాఠకులకు తెలిసేది కాదు.

మరో మార్పు కూడా ఆమెకు కలిసివచ్చింది. 1870 విద్యా చట్టం తరువాత ప్రాథమిక పాఠశాలలు విస్తరించాయి. 1880లో ప్రాథమిక విద్య నిర్బంధమైంది. చదవగలిగిన జనం పెరిగేసరికి వారి కోసం కొత్త పత్రికలు పుట్టాయి. 1891లో మొదలైన 'స్ట్రాండ్ మ్యాగజైన్' అలాంటిదే. నెస్బిట్ పేరుమోసిన మాయాకథలు ముందుగా ఈ పత్రికలో ధారావాహికగా వచ్చి తరువాత పుస్తకాలయ్యాయి. నెలనెలా వచ్చే పారితోషికం, నెలనెలా ఒక ఉత్కంఠతో ముగియవలసిన అధ్యాయం, ఈ రెండూ ఆమె నవలల నిర్మాణాన్ని తీర్చిదిద్దాయి.

4. ఫేబియన్ సంఘం

1884 జనవరి 4న లండన్‌లో ఫేబియన్ సంఘం ఏర్పడింది. దాని స్థాపక సభ్యులలో బ్లాండ్ దంపతులు ఉన్నారు. శత్రువుతో వెంటనే తలపడకుండా కాలయాపనతో అలసిపోయేలా చేసిన రోమన్ సేనాని ఫేబియస్ పేరు మీద సంఘానికి ఆ పేరు వచ్చింది. నిదానమే ప్రధానం అన్నది వారి సూత్రం. విప్లవంతో పని లేకుండా చట్టాల ద్వారా, పురపాలక సంస్థల ద్వారా, ప్రచారం ద్వారా క్రమంగా సోషలిజం సాధించవచ్చని వారు నమ్మారు. బ్లాండ్ 1911 దాకా సంఘానికి కోశాధికారిగా పనిచేశాడు. దంపతులిద్దరూ 'ఫేబియన్ బ్లాండ్' అనే ఉమ్మడి కలంపేరుతో నవల రాశారు. 1885లో పుట్టిన కొడుకుకు ఫేబియన్ అని పేరు పెట్టుకున్నారు.

1889లో వచ్చిన 'ఫేబియన్ ఎస్సేస్' సంపుటికి జార్జ్ బెర్నార్డ్ షా సంపాదకుడు. అందులో ఏడుగురి వ్యాసాలున్నాయి. ఒకటి హ్యూబర్ట్ బ్లాండ్‌ది, మరొకటి అనిబిసెంట్‌ది. తరువాతి కాలంలో భారతదేశానికి వచ్చి, దివ్యజ్ఞాన సమాజానికి నాయకత్వం వహించి, 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనిబిసెంటే ఈమె. మన ప్రాంతపు విద్యా చరిత్రలో మీరు చదివిన ఒక పేరు, లండన్‌లో నెస్బిట్ తిరిగిన వర్గంలోనే ఉందన్నమాట.

నెస్బిట్ సోషలిజం ఉపన్యాసాలకు పరిమితం కాలేదు. లండన్‌లోని డెట్‌ఫర్డ్ పేటలో పేద పిల్లల బడికి ఆమె ఏటా క్రిస్మస్ విందు ఏర్పాటు చేసేది. ఆ పేట ఆమె నవలలోకి కూడా వచ్చింది. 1909 నాటి 'హార్డింగ్స్ లక్' నవలలో నాయకుడు డెట్‌ఫర్డ్ మురికివాడలో పెరిగిన కుంటి కుర్రవాడు.

5. ఇంటి లోపలి సంగతి

ఇప్పుడు ఆ ఇంటి లోపలికి వెళ్దాం. 1880లలో ఒక పత్రికా కార్యాలయంలో ఎడిత్‌కు ఆలిస్ హోట్సన్ అనే యువతితో స్నేహం కుదిరింది. ఆలిస్ వారి ఇంటికి వచ్చి ఇంటి పనులు చూసుకుంటూ, కార్యదర్శిగా సహాయం చేస్తూ అక్కడే ఉండిపోయింది. 1886లో ఆమెకు రోజమండ్ అనే కూతురు, 1899లో జాన్ అనే కొడుకు పుట్టారు. ఇద్దరికీ తండ్రి హ్యూబర్ట్ బ్లాండ్. ఆ ఇద్దరినీ ఎడిత్ తన బిడ్డలుగా పెంచింది. లోకం దృష్టిలో వారు ఆమె పిల్లలు, ఆలిస్ ఆ ఇంటి సహాయకురాలు.

ఈ విషయాన్ని నిందకో జాలికో మాత్రమే వాడుకుంటే చరిత్ర విద్యార్థికి ప్రయోజనం లేదు. ఇందులో ముగ్గురి పరిస్థితినీ విడివిడిగా చూడాలి. బ్లాండ్ బయట సంప్రదాయ కుటుంబ విలువలను సమర్థించినవాడు. ఆయన ప్రవర్తనకు ఆయన పరువు పెద్దగా దెబ్బతినలేదు. ఎడిత్ అవమానాన్ని దిగమింగి, తన కలం సంపాదనతో ఆ పిల్లలను కూడా పోషించింది. ఆలిస్ పరిస్థితి అన్నిటికంటే కఠినం. పెళ్ళికాని తల్లికి ఆనాటి సమాజంలో తలదాచుకునే చోటు దాదాపు లేదు. తన బిడ్డల దగ్గరే ఉండాలంటే వారికి తల్లినని చెప్పుకునే హక్కును ఆమె వదులుకోవలసి వచ్చింది. సమానత్వం గురించి ఉపన్యాసాలు జరిగిన ఇంట్లోనే ఈ ఏర్పాటు నడిచింది.

1899లో కుటుంబం లండన్ శివారులోని ఎల్తమ్‌లో వెల్ హాల్ అనే పాత పెద్ద ఇంటికి మారింది. చుట్టూ కందకం ఉన్న ఆ ఇంటికి రచయితలు, రాజకీయవాదులు, ప్రవాసులు వచ్చిపోతుండేవారు. మరుసటి ఏడే అక్కడ పెద్ద దుఃఖం కలిగింది. 1900 అక్టోబరులో పదిహేనేళ్ళ ఫేబియన్‌కు ఇంట్లోనే గొంతుకు చిన్న శస్త్రచికిత్స చేశారు. మత్తుమందు ఇచ్చిన ఆ కుర్రవాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆమె ప్రసిద్ధ నవలల్లో అధిక భాగం ఈ మరణం తరువాత రాసినవే. వాటిలో పిల్లలు ఎన్ని ఆపదల్లో పడినా చివరికి క్షేమంగా ఇల్లు చేరతారు. ఈ రెండిటికీ ముడిపెట్టాలని మనకు అనిపిస్తుంది. కానీ రచయిత్రి మనసులో ఏముందో ఆధారం లేకుండా తేల్చి చెప్పకూడదు. రెండు వాస్తవాలనూ పక్కపక్కన ఉంచి అక్కడితో ఆగడం మేలు.

6. నవలల్లో డబ్బు

1899లో వచ్చిన 'ది స్టోరీ ఆఫ్ ది ట్రెజర్ సీకర్స్' నెస్బిట్‌కు పేరు తెచ్చిన మొదటి పిల్లల నవల. బాస్టబుల్ ఇంటి పిల్లలు ఆరుగురు. తల్లి చనిపోయింది. తండ్రి జబ్బుపడి ఉండగా వ్యాపార భాగస్వామి స్పెయిన్‌కు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. బ్లాండ్ వ్యాపారానికి జరిగినదే ఇక్కడ కథలోకి వచ్చిందని మీరు గుర్తించే ఉంటారు. కుటుంబ ప్రతిష్ఠ నిలబెట్టడానికి పిల్లలే సంపాదనకు బయలుదేరతారు. పెరట్లో నిధి కోసం తవ్వుతారు, పద్యాలు అమ్మజూపుతారు, పత్రిక నడుపుతారు, చివరికి వడ్డీ వ్యాపారి దగ్గరికి కూడా వెళ్తారు. కథ చెప్పేది ఆ పిల్లలలో ఒకడైన ఆస్వాల్డ్. తానెవరో చెప్పనంటూనే తనను తాను పొగుడుకుంటూ దొరికిపోతాడు. అంతకుముందు పిల్లల పుస్తకాల్లో తరచుగా పెద్దవాళ్ళు పై నుంచి నీతి చెప్పేవారు. ఇక్కడ పిల్లవాడి గొంతే కథ నడిపింది. 1895లో కెన్నెత్ గ్రాహమ్ 'ది గోల్డెన్ ఏజ్'లో బాల్యాన్ని పిల్లల వైపు నుంచి చూపినా అది ప్రధానంగా పెద్దల కోసం రాసినది. నెస్బిట్ ఆ చూపును పిల్లల చేతికే ఇచ్చింది.

1902లో వచ్చిన 'ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్'లో కెంట్ ప్రాంతపు కంకర గోతిలో పిల్లలకు ఒక ఇసుక దేవత దొరుకుతుంది. అది రోజుకొక కోరిక తీరుస్తుంది, సూర్యాస్తమయంతో ఆ కోరిక ఫలం పోతుంది. పిల్లలు బంగారం కోరుకుంటారు. గోతి నిండా పాతకాలపు గిన్నీలు వస్తాయి. వాటిని తీసుకుని ఊళ్ళోకి వెళ్తే ఏ దుకాణదారూ పుచ్చుకోడు. పిల్లల చేతిలో అంత బంగారం చూసి అనుమానపడతారు, పోలీసుల దాకా వెళ్తుంది. దీన్ని నవ్వించే సన్నివేశంగా చదవవచ్చు. ఆర్థిక చరిత్ర పాఠంగా కూడా చదవవచ్చు. సంపద చేతిలో ఉంటే చాలదు. దాన్ని చెల్లుబాటు చేసే నమ్మకం, హోదా కూడా కావాలి. ఆ రెండూ పిల్లలకూ లేవు, పేదలకూ లేవు.

1906 నాటి 'ది స్టోరీ ఆఫ్ ది అమ్యులెట్' ఈ ప్రశ్నను సమాజం మొత్తానికి విస్తరించింది. బ్రిటిష్ మ్యూజియం పండితుడు వాలిస్ బడ్జ్ సహాయంతో రాసి ఆయనకే అంకితమిచ్చిన ఈ నవలలో పిల్లలు ప్రాచీన ఈజిప్టు, బాబిలోన్ చూసి వస్తారు. తరువాత బాబిలోన్ రాణి లండన్‌కు వస్తుంది. వీధుల్లో శ్రామికులను చూసి, మీ బానిసలను ఇంత అధ్వానంగా ఉంచారేమని అడుగుతుంది. వాళ్ళు బానిసలు కారు, పనివాళ్ళు అని పిల్లలు సర్దిచెబుతారు. మరి తిరగబడరేమని రాణి అడిగితే వాళ్ళకు ఓటు ఉందంటారు. ఆ సమాధానం రాణికి అర్థం కాదు. అదే ఏడాది జరిగిన ఎన్నికల్లో లిబరల్ పార్టీ ఘన విజయం సాధించింది. లేబర్ ప్రతినిధులు 29 మంది పార్లమెంటులో అడుగుపెట్టారు. బడిపిల్లలకు భోజనం పెట్టేందుకు స్థానిక సంస్థలకు అధికారమిచ్చే చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. పిల్లల కథలోని ఆ సంభాషణ ఆనాటి ఇంగ్లండులో నలుగుతున్న చర్చే.

7. 'ది రైల్వే చిల్డ్రన్'

ఈ నవల 1905లో పత్రికలో ధారావాహికగా వచ్చి 1906లో పుస్తకమైంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఒక రాత్రి ఇద్దరు మనుషులు వచ్చి తండ్రిని తీసుకుపోతారు. తల్లి పిల్లలకు కారణం చెప్పదు. ముగ్గురు పిల్లలతో పల్లెటూళ్ళో రైలు మార్గం పక్కన ఒక ఇంటికి మారి, కథలు రాసి పత్రికలకు పంపుతూ సంసారం నడుపుతుంది. ఒక సంపాదకుడు కథ తీసుకున్న రోజున టీతో పాటు బన్నులు ఉంటాయి. చలికి తట్టుకోలేక కొడుకు పీటర్ స్టేషన్‌లో బొగ్గు దొంగిలించి పట్టుబడతాడు. కథలు అమ్మి ఇల్లు నడిపే ఈ తల్లిలో నెస్బిట్ తన వృత్తిని దాదాపు ఉన్నదున్నట్టు చిత్రించింది.

శత్రుదేశానికి రహస్యాలు అమ్మాడన్న తప్పుడు నేరం మీద తండ్రి జైలులో ఉన్నాడని పెద్ద కూతురు రాబర్టాకు తరువాత తెలుస్తుంది. ఇక్కడ ఆనాటి పాఠకులకు ఫ్రాన్సులోని డ్రేఫస్ కేసు గుర్తుకు రాక తప్పదు. 1894లో గూఢచర్య నేరం మోపబడిన సైనికాధికారి డ్రేఫస్ నిర్దోషి అని 1906 జులైలో న్యాయస్థానం తేల్చింది. నవలలో రష్యా నుంచి పారిపోయి వచ్చిన ఒక రచయిత కూడా ఉన్నాడు. లండన్‌లో నివసించిన స్టెప్నియాక్, క్రొపోట్కిన్ వంటి రష్యన్ ప్రవాసులను నెస్బిట్ ఎరుగును. ఆ విధంగా యూరప్ రాజకీయాలు ఒక పల్లె రైల్వే స్టేషను దాకా వచ్చాయి.

పెర్క్స్ అనే రైల్వే కూలీ ఘట్టాన్ని ప్రత్యేకంగా చదవండి. అతని పుట్టినరోజుకు పిల్లలు ఊరంతా తిరిగి కానుకలు పోగుచేసి తెస్తారు. అతను సంతోషించడానికి బదులు, నన్ను ముష్టివాణ్ణి చేశారా అని మండిపడతాడు. ఇచ్చినవారు దయతో కాక గౌరవంతో ఇచ్చారని తెలిశాకే శాంతిస్తాడు. దానానికీ గౌరవానికీ మధ్య ఉన్న ఈ గీతను, పేద పిల్లలకు విందులు ఏర్పాటు చేసిన మనిషే గీయడం గమనించదగినది.

8. పరిమితులు, మౌనాలు

నెస్బిట్‌ను గౌరవించడానికి ఆమె పరిమితులను దాచనవసరం లేదు.

మొదటిది సామ్రాజ్యం. బాస్టబుల్ కుటుంబం కష్టాలు ఎలా తీరాయి? తల్లి వైపు బంధువైన 'ఇండియా మామయ్య' వచ్చాడు. పేదవాడనుకుని పిల్లలు తమ భోజనంలో వాటా పెట్టి ఆదరిస్తారు. ఆయన ధనికుడని తరువాత తెలుస్తుంది. ఆ డబ్బుతో అందరూ పెద్ద ఇంటికి మారతారు. ఆ డబ్బు ఇండియాలో ఎవరి శ్రమ నుంచి వచ్చిందన్న ప్రశ్న నవలలో ఎక్కడా రాదు. లండన్ శ్రామికుల గురించి బాబిలోన్ రాణి చేత ప్రశ్న అడిగించిన రచయిత్రికి ఈ ప్రశ్న తట్టలేదు. అదే కాలంలో దాదాభాయి నౌరోజీ ఇండియా సంపద ఇంగ్లండుకు తరలిపోతోందని లండన్‌లోనే వాదిస్తున్నాడు. 1892లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు, 1901లో తన పుస్తకం ప్రచురించాడు. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో ఉన్న ఈ రెండు రచనలనూ కలిపి చదివితే, సామ్రాజ్యపు డబ్బు ఇంగ్లండు ఇళ్ళలో ఎంత సహజమైన వస్తువుగా మారిపోయిందో తెలుస్తుంది.

రెండవది జాతి వివక్ష. యూదులను డబ్బు మనుషులుగా చూపే ఆనాటి దురభిప్రాయాలు ఆమె పుస్తకాల్లోనూ కనిపిస్తాయి. డ్రేఫస్‌ను తలపించే నిర్దోషి కోసం పాఠకుల కంట తడి పెట్టించిన కలం నుంచే అవి కూడా వచ్చాయి.

మూడవది స్త్రీల ఓటు హక్కు. ఇల్లు పోషించిన స్త్రీ, సిగరెట్టు తాగి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని తిరిగిన స్త్రీ, ఓటు హక్కు ఉద్యమానికి మాత్రం మద్దతు ఇవ్వలేదు. భర్త బ్లాండ్ ఆ ఉద్యమానికి బహిరంగ వ్యతిరేకి. ఆమె వైఖరికి అదే పూర్తి కారణమని చెప్పలేం. ఒక వ్యక్తి జీవనవిధానం నుంచి ఆమె అభిప్రాయాలను నేరుగా ఊహించకూడదని మాత్రం ఈ ఉదాహరణ నేర్పుతుంది.

నాలుగవది ఇంటి మౌనం. ఆమె నవలల్లో తల్లి చనిపోవడం, తండ్రి దూరం కావడం, ఇంట్లో డబ్బు లేకపోవడం ఉన్నాయి. ఆలిస్ వంటి తల్లి మాత్రం లేదు. పిల్లల పుస్తకంలో ఆనాటి ప్రచురణకర్త అలాంటి విషయాన్ని ఒప్పుకునేవాడు కాదు, అది నిజమే. కానీ ఆలిస్ ఆ ఇంట్లో చేసిన చాకిరీ లేకపోతే ఎడిత్‌కు అన్ని పుస్తకాలు రాసే తీరిక దొరికేదా అన్న ప్రశ్నను మనం వేసుకోవలసిందే. రచయిత్రి శ్రమ వెనక మరొక స్త్రీ పేరులేని శ్రమ ఉంది.

9. చివరి సంవత్సరాలు

1914 ఏప్రిల్‌లో హ్యూబర్ట్ బ్లాండ్ మరణించాడు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పుస్తకాల ఆదాయం తగ్గిపోయింది. సాహిత్య సేవకు గుర్తింపుగా 1915లో ప్రభుత్వం పింఛను మంజూరు చేసింది కానీ అది పెద్ద ఇంటికి ఏమూలకు సరిపోతుంది? ఎడిత్ వెల్ హాల్‌లో గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టింది, తోటలో పండిన కూరగాయలు, పూలు అమ్మింది. జామ్, వెన్నల లెక్క రాసిన మనిషికి మళ్ళీ ఆ లెక్కే ఎదురైంది.

1917లో ఆమె థామస్ టక్కర్‌ను పెళ్ళి చేసుకుంది. ఆయన వూలిచ్ రేవులో పడవ నడిపే ఉద్యోగి, ఇంజనీరు. ఆమె సాహితీ మిత్రులలో కొందరికి ఈ వివాహం వింతగా తోచింది. ఆమెకు మాత్రం అది శాంతినిచ్చింది. తరువాత ఇద్దరూ కెంట్ తీరంలోని ఒక చిన్న ఇంటికి మారారు. 1924 మే 4న అక్కడే ఆమె మరణించింది. సెయింట్ మేరీ ఇన్ ది మార్ష్ గ్రామ చర్చి ఆవరణలో ఆమె సమాధి ఉంది. దాని గుర్తుగా టక్కర్ తన చేతులతో కొయ్య ఫలకం చేసి నిలిపాడు.

తరువాతి తరం పిల్లల రచయితలలో సి.ఎస్. లూయిస్ వంటివారు ఆమె ప్రభావాన్ని అంగీకరించారు. 1970లో వచ్చిన చలనచిత్రం 'ది రైల్వే చిల్డ్రన్'ను కొత్త తరాలకు చేర్చింది. 1933లో, తిరిగి 1987లో వెలువడిన జీవితచరిత్రల ద్వారా ఆ ఇంటి లోపలి సంగతులు క్రమంగా బయటికి వచ్చాయి.

10. సారాంశం

ఎడిత్ నెస్బిట్ అవసరం కోసం రాసింది. ఆ అవసరమే ఆమె పిల్లల నవలకు కొత్త నేల చూపింది. డబ్బు సంగతి పిల్లలకు తెలియదన్న పెద్దల భ్రమను ఆమె ఒప్పుకోలేదు. ఇంట్లో కష్టం వస్తే పిల్లలకు ముందే తెలుస్తుందని, వారికి చేతనైనది చేయాలని చూస్తారని ఆమె చూపింది. అందుకే ఆమె నవలలు ఆనాటి మధ్యతరగతి జీవితానికి విలువైన ఆధారాలు.

అయితే నవల అద్దం కాదు. అది ఎంచుకుంటుంది, మారుస్తుంది, వదిలేస్తుంది. కాబట్టి దాన్ని చట్టాలతో, రిజిస్టర్లతో, జ్ఞాపకాలతో, సమకాలీన రచనలతో సరిపోల్చి చదవాలి. మీలో చాలామంది ఉద్యోగమో వ్యవసాయమో ఇంటి పనో చేసుకుంటూ రాత్రి పూట ఈ పుస్తకం తెరిచేవారే. ఇంటి ఖర్చుల లెక్క మీకు కొత్త కాదు. ఆ లెక్కలో కూడా చరిత్ర ఉందనీ, అందులో పేరు రాయని వారిని వెతకడం చరిత్రకారుని పనేననీ ఈ పాఠం నుంచి మీరు గ్రహిస్తే చాలు.

11. మాదిరి ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1870, 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలకు రచయిత్రుల జీవితంలో గల ప్రాధాన్యం ఏమిటి?
2. ఫేబియన్ సంఘం ఆశయాలను తెలపండి.
3. పెర్క్స్ ఘట్టం దానం గురించి ఏమి చెబుతుంది?

ఆ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నెస్బిట్ నవలలు ఇంగ్లండు మధ్యతరగతి ఆర్థిక అభద్రతకు ఎంతవరకు ఆధారాలో ఉదాహరణలతో చర్చించండి.
2. ఒక రచయిత్రి వదిలేసిన విషయాలను చరిత్రకారుడు ఏ విధంగా అధ్యయనం చేయాలి? ఆలిస్ హోట్సన్, 'ఇండియా మామయ్య' ఉదాహరణలతో వివరించండి.
3. మీకు తెలిసిన ఒక తెలుగు కథను గానీ నవలను గానీ తీసుకుని, అందులో ఇంటి ఖర్చుల ప్రస్తావన ఆ కాలపు చరిత్ర గురించి ఏమి చెబుతుందో రాయండి.